డీజిల్ ఇంజిన్ బరువు ఎక్కడుంది: బీడులోనా, సీసీలోనా, సైలెన్సర్ దారిలోనా?

డీజిల్ బండి బరువుంటది, పెట్రోల్ బండి తేలిగ్గుంటది. ఈ మాట వనస్థలిపురం ఆటోనగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఏ షెడ్డులో అడిగినా చెప్తరు, తప్పేం కాదు. కానీ ఎంత బరువు, ఎక్కడి బరువు అని ఇంకొంచెం గుచ్చి అడిగితే మాత్రం లెక్కలు గాల్లోకి పోతయి. ఒకరు డబుల్ అంటరు, ఒకరు క్వింటాల్ తేడా అంటరు, ఇంకొకరు ఇప్పుడంతా అల్యూమినియమే కదా తేడా ఏముంది అంటరు. విచిత్రం ఏంటంటే ముగ్గురి మాటలోనూ కొంచెం కొంచెం నిజముంది, ఎందుకంటే ముగ్గురూ కాటా మీద పెడుతున్నది వేరే వేరే వస్తువుల్ని.

సిటీలో అందరికీ తెలిసిన బండితోనే మొదలుపెడదాం. 2018లో వచ్చిన మూడో తరం స్విఫ్ట్‌లో పెట్రోల్ వేరియంట్ల కర్బ్ వెయిట్ (మనుషులూ సామానూ లేకుండా బండి బరువు) 855 నుంచి 880 కిలోల మధ్య, డీజిల్‌వి 955 నుంచి 985 దాకా. అదే బాడీ, అవే డోర్లు, అవే సీట్లు. ధర్మకాంటా మీద రెండిటినీ ఒకదాని తర్వాత ఒకటి ఎక్కిస్తే అటూ ఇటుగా 100 కిలోల తేడా చూపిస్తది (కాంటా 5, 10 కిలోల లెక్కలోనే చూపిస్తది కాబట్టి అంతకంటే పట్టి పట్టి చూడటం అనవసరం). ఇది చూసి చాలామంది డీజిల్ ఇంజిన్ పెట్రోల్ ఇంజిన్ కంటే 100 కిలోలు ఎక్కువ అని రాసేస్తరు, చిక్కంతా ఇక్కడే వస్తది. ఆ స్విఫ్ట్‌లో ఉన్నది ఫియట్ డిజైన్ చేసిన 1.3 మల్టీజెట్, ఆయిలూ నీళ్లూ లేకుండా మొత్తం ఇంజిన్ బరువే సుమారు 130 కిలోలు. మరి పెట్రోల్ 1.2 ఇంజిన్ 30 కిలోలే ఉంటదా? ఉండదు కదా. అంటే ఆ 100లో ఇంజిన్ వాటా కొంతే, మిగతాదంతా ఇంజిన్ చుట్టూ, కింద, వెనక ఎక్కడెక్కడో దాక్కుంది. దాన్ని తర్వాత వెతుకుదాం, ముందు ఇంజిన్ సంగతి.

పెట్రోల్ ఇంజిన్‌లో ప్లగ్గు నిప్పు పెడతది. డీజిల్‌లో ఆ ప్లగ్గు లేదు, ఉన్న హీటర్ ప్లగ్గు చలికి స్టార్టింగ్ కోసమే. గాలిని నొక్కి నొక్కి అది 500 డిగ్రీలు దాటి వేడెక్కేదాకా పిండి, అప్పుడు నాజిల్ నుంచి డీజిల్ కొడితే దానంతట అదే అంటుకుంటది. అంత నొక్కాలంటే కంప్రెషన్ రేషియో, అంటే గాలిని ఎన్నో వంతుకి నొక్కుతమనే లెక్క, ఎక్కువుండాలి. పెట్రోల్‌లో మామూలుగా 9 నుంచి 12 ఉంటే పాత డీజిల్ ఇంజిన్లలో 18 నుంచి 22 దాకా ఉండేది, ఇప్పటి కామన్ రైల్ (అన్ని నాజిళ్లకీ ఒకే హై ప్రెషర్ పైపు నుంచి డీజిల్ పంచే పద్ధతి) ఇంజిన్లలో 15, 16 దగ్గరికి దిగింది. గాలి అప్పటికే అంత గట్టిగా నొక్కుకుని ఉన్నప్పుడు దాంట్లో మంట పుడితే లోపలి ప్రెషర్ ఎక్కడికి పోతదో ఊహించుకోవచ్చు. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే ఫ్యాన్) లేని పెట్రోల్ ఇంజిన్‌లో పీక్ ప్రెషర్ 60 నుంచి 80 బార్ అనుకుంటే ఇప్పటి టర్బో డీజిల్‌లో 160 నుంచి 200 బార్ దాకా పోతది.

బార్ అంటే ఎంతో చేతికి తెలియదు కాబట్టి కిలోల్లోకి మారుద్దాం. ఒక బార్ అంటే ఇంచుమించు చదరపు సెంటీమీటర్‌కి ఒక కిలో తోపు. 80 మిల్లీమీటర్ల బోర్ ఉన్న పిస్టన్ తల వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. 70 బార్ అయితే మూడున్నర టన్నులు. 180 బార్ అయితే 9 టన్నులు. అంటే ఖాళీ సిటీ బస్సు ఒకదాన్ని తెచ్చి అరచేతిలో పట్టే పిస్టన్ మీద నిలబెట్టినట్టు, అదీ ఒకసారి కాదు, 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్‌లో సెకనుకి 25 సార్లు. డీజిల్ ఇంజిన్‌లో ఏ పార్ట్ పట్టుకుని చూసినా మందంగా ఎందుకుంటదో దీని తర్వాత వేరే చెప్పక్కర్లేదు. ఆ తోపు పిస్టన్ నుంచి పిన్నుకి, పిన్ను నుంచి కనెక్టింగ్ రాడ్‌కి, రాడ్ నుంచి క్రాంక్‌కి, క్రాంక్ నుంచి మెయిన్ బేరింగులకి, అక్కడి నుంచి సిలిండర్లుండే బ్లాక్‌కి దిగుతది. పైకి హెడ్డుని లేపడానికి అంతే గట్టిగా చూస్తది కాబట్టి హెడ్ బోల్టులు లావు, హెడ్డు మందం, బ్లాక్ పైభాగం మందం. ఫ్లైవీల్ కూడా బరువు పెట్టాలి, లేకపోతే ఒక్కో కంప్రెషన్‌కి క్రాంక్ ఆగి ఆగి తిరిగినట్టయి ఐడిల్‌లో బండి మొత్తం ఊగుతది.

ఇదంతా కళ్లతో చూడాలంటే ఇంజిన్ విప్పే షెడ్డులో కాసేపు నిలబడితే చాలు. చిన్న పెట్రోల్ ఇంజిన్‌ని విప్పేసినాక మిగిలిన ఖాళీ అల్యూమినియం బ్లాక్‌ని ఒక్క కుర్రాడు నడుముకి ఆనించుకుని బెంచ్ మీద పెట్టేస్తడు. డీజిల్ బీడు (పోత ఇనుము) బ్లాక్ అయితే ఇంకొకర్ని కేకేస్తడు, లేకపోతే చైన్ పుల్లీ దించుతడు. స్క్రూలు ఏరడానికి పెట్టుకున్న అయస్కాంతం తీసి బ్లాక్ పక్కన పెట్టి చూస్తే ఇంకా తమాషాగా ఉంటది. బీడు బ్లాక్‌కి ఎక్కడ పెట్టినా టక్కున అతుక్కుంటది, అల్యూమినియం బ్లాక్‌కి బయట ఎక్కడా అతుక్కోదు, కానీ సిలిండర్ లోపలికి పోనిస్తే అక్కడ అతుక్కుంటది. ఎందుకంటే చాలా అల్యూమినియం బ్లాకుల్లో పిస్టన్ ఆడే చోట పల్చటి ఇనుప లైనర్ పోసి ఉంటది. స్విఫ్ట్ పెట్రోల్ ఇంజిన్‌ది అల్యూమినియం బ్లాక్, మల్టీజెట్‌ది బీడు బ్లాక్, హెడ్డు మాత్రం రెండిటికీ అల్యూమినియమే.

ఇక్కడే ఇంకో తొందరపాటు లెక్క వస్తది. ఇనుము సాంద్రత 7.2, అల్యూమినియంది 2.7, కాబట్టి అల్యూమినియం చేస్తే మూడో వంతు బరువుకి వచ్చేస్తది అని. రాదు. అల్యూమినియం బీడు అంత గట్టిగా నిలబడదు, వేడెక్కితే ఇంకా మెత్తబడతది, అందుకని అదే పని చేయించాలంటే గోడలు మందం పెంచాలి, పక్కటెముకల్లాంటి రిబ్బులు పెట్టాలి, బేరింగ్ క్యాపుల్ని లావు చేయాలి. చివరికి బరువులో ఆదా అయ్యేది మూడింట రెండు వంతులు కాదు, అందులో ఒక భాగమే. మజ్దా కంపెనీ తన స్కైయాక్టివ్ డీజిల్‌కి అల్యూమినియం బ్లాక్ పెట్టినప్పుడు దాని వల్ల తగ్గిన బరువు 25 కిలోలు. బాగానే తగ్గింది, కానీ గాల్లో తేలిపోయేంత కాదు.

ఇంకో వైపు బీడు అంటేనే బరువు అనుకోవడమూ కుదరదు. ఎకోస్పోర్ట్‌లో 2013లో మన దగ్గరికి వచ్చిన ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ గుర్తుండే ఉంటది, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్. దాని బ్లాక్ బీడే, తొందరగా వేడెక్కుతదని కావాలనే బీడు పెట్టిన్రు. అయినా మొత్తం ఇంజిన్ 97 కిలోలే. చిన్న సైజు, మూడే సిలిండర్లు, లోపల ప్రెషర్ డీజిల్ అంత లేదు కాబట్టి పల్చటి గోడలతో సరిపోయింది. అంటే బరువుని డిసైడ్ చేసేది ఏ లోహం అన్నది రెండో ప్రశ్న, లోపల ఎంత తోపు అన్నదీ, ఎన్ని సీసీలు కావాలి అన్నదీ మొదటి ప్రశ్న.

సీసీ విషయం కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే డీజిల్ బరువన్న పేరు ఎక్కువగా అక్కడి నుంచే వచ్చింది. పోలిక ఒకే సీసీ ఉన్న రెండు ఇంజిన్ల మధ్య పెట్టాలా, ఒకే పవర్ ఇచ్చే రెండు ఇంజిన్ల మధ్య పెట్టాలా? బండి కొనేవాడికి రెండోదే కావాలి. పవర్ అంటే టార్క్ (తిప్పే బలం) ఇంటూ ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు), డీజిల్‌కి కాలడానికి టైం కావాలి, 4500 ఆర్‌పీఎం దాటితే ఆయాసం వస్తది, పెట్రోల్ హాయిగా 6000 పైకి పోతది. టర్బో లేని రోజుల్లో ఈ లోటు పూడ్చడానికి ఒక్కటే దారి, సీసీ పెంచడం. మారుతి జెన్ దీనికి మంచి ఉదాహరణ. పెట్రోల్ జెన్‌లో 993 సీసీ అల్యూమినియం ఇంజిన్, 50 హార్స్‌పవర్. 1998లో వచ్చిన డీజిల్ జెన్‌లో పెజో వాళ్ల 1527 సీసీ ఇంజిన్, 57 హార్స్‌పవర్. దాదాపు అదే పవర్ కోసం ఒకటిన్నర రెట్లు పెద్ద ఇంజిన్‌ని అదే చిన్న బానెట్ కింద ఇరికించాల్సి వచ్చింది. డీజిల్ ఇంజిన్ డబుల్ బరువు అనే మాట ఈ తరం బండ్లు చూసినవాళ్లది, ఆ కాలానికి ఆ మాటని కొట్టిపారేయలేం.

అసలు ఇంకా వెనక్కి పోతే పరిస్థితి ఘోరం. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో తిప్పి చూపించిన ఇంజిన్ 20 హార్స్‌పవర్, బరువు నాలుగున్నర టన్నులు. భాగిస్తే ఒక్కో హార్స్‌పవర్‌కి 225 కిలోలు. ఆ ఇంజిన్ గొప్పతనం ఇంధనంలో 26 శాతం శక్తిని పనిగా మార్చడం, బరువు గురించి అప్పుడు ఎవరికీ బాధ లేదు, ఎందుకంటే అది ఫ్యాక్టరీలో నేల మీద కూర్చునే యంత్రం. కారు బానెట్ కిందికి రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది, బాష్ కంపెనీ 1927లో చిన్న ఫ్యూయెల్ పంపు తయారుచేయడం మొదలుపెట్టినాకే దారి పడింది. 1936లో మెర్సిడెస్ 260 డి వచ్చింది, 2.6 లీటర్లకి 45 హార్స్‌పవర్. మన దగ్గర అయితే 1980లో డీజిల్ అంబాసిడర్, 1489 సీసీ, 37 హార్స్‌పవర్. అంత బండిని ఆ 37 లాగేది, అప్పట్లో హడావిడి ఎవరికీ లేదనుకోవాలి.

మరి బరువు పెరగకుండా పెట్రోల్ డిజైన్‌నే డీజిల్‌గా మార్చేస్తే? అమెరికాలో జనరల్ మోటార్స్ ఇంచుమించు అదే చేసింది, 1978లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ 5.7 లీటర్ వీ8 డీజిల్. వాళ్లు పూర్తిగా గుడ్డిగా ఏం పోలేదు, బ్లాక్‌ని బాగానే గట్టి చేసిన్రు. కానీ ఫ్యాక్టరీలో ఉన్న మెషీన్లే వాడుకోవచ్చని హెడ్ బోల్టుల సంఖ్య, వాటి స్థానాలు పెట్రోల్ ఇంజిన్‌వే ఉంచిన్రు, ఒక్కో హెడ్డుకి పదే. పైన చెప్పిన టన్నుల లెక్క ఇక్కడ పగబట్టింది. బోల్టులు సాగడం, హెడ్ గాస్కెట్ పోవడం, కూలెంట్ సిలిండర్‌లోకి దిగడం, దిగిన నీళ్లని నొక్కలేక రాడ్డు వంగడం. దానికి తోడు డీజిల్‌లో నీళ్లు వేరుచేసే ఫిల్టర్ కూడా పెట్టలేదు, పంపులు తుప్పు పట్టినయి. 1985తో ఆ ఇంజిన్ కథ అయిపోయింది, అమెరికాలో డీజిల్ కారు అంటే జనం చాలా ఏళ్లు దూరం జరిగిన్రు. హెడ్ బోల్టులు ఎన్ని అనే చిన్న విషయానికి ఇంత ఖరీదైన జవాబు ఇంకెక్కడా దొరకదు.

డీజిల్‌ని నిజంగా తేలిక చేసింది రెండు: టర్బో, కామన్ రైల్. టర్బో సీసీ అవసరాన్ని తగ్గించింది. కామన్ రైల్, 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చింది, అది డీజిల్‌ని ఒక్కసారి ధడేల్‌మని కొట్టకుండా ముందు కొంచెం, తర్వాత అసలు డోసు, ఇట్ల ముక్కలు ముక్కలుగా కొట్టడం సాధ్యం చేసింది. దాంతో మంట మెల్లగా పెరుగుతది, ప్రెషర్ ఒక్కసారిగా ఎగరదు, పాత డీజిల్ టకటక సౌండు తగ్గుతది. మల్టీజెట్ 2003లో వచ్చినప్పుడు దాని గొప్ప అదే, 50 సెంటీమీటర్ల లోపు పొడవు, 130 కిలోలు, స్విఫ్ట్‌లో 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్లు. అదే స్విఫ్ట్ పెట్రోల్ 83 హార్స్‌పవర్ ఇచ్చేది గానీ టార్క్ 113 దగ్గర ఆగిపోయేది. 1897 నాటి 225 కిలోలు ఇక్కడికొచ్చేసరికి హార్స్‌పవర్‌కి 1.7 కిలోలయింది.

ఆ తర్వాత అల్యూమినియం దశ. హోండా 2013లో అమేజ్‌తో తెచ్చిన 1.5 డీజిల్ అల్యూమినియం బ్లాక్‌దే. తేలిక అయితే అయింది గానీ అల్యూమినియం సౌండుని బీడు మింగినట్టు మింగదు, క్యాబిన్‌లోకి వదులుతది, ఆ డీజిల్ అమేజ్‌లు స్టార్ట్ చేసిన క్షణమే తెలిసిపోతయి. ఇది బరువు తగ్గించినందుకు కట్టే పన్ను లాంటిది, దాన్ని మళ్లీ ఇన్సులేషన్ షీట్లు పెట్టి మాపాలి, ఆ షీట్లకీ బరువుంటది. స్కార్పియో నడిపేవాళ్లకి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2022లో స్కార్పియో క్లాసిక్ వచ్చినప్పుడు మహీంద్రా పాత ఎమ్‌హాక్ బదులు పూర్తి అల్యూమినియం రెండో తరం ఎమ్‌హాక్ పెట్టింది, ఇంజిన్ బరువు 55 కిలోలు తగ్గిందని కంపెనీ చెప్పింది. అదే 2.2 లీటర్లు, అదే డీజిల్, అదే బండి ఆకారం. అంటే పాత డీజిల్‌కీ కొత్త డీజిల్‌కీ మధ్య తేడానే ఒక మనిషంత ఉన్నప్పుడు, డీజిల్‌కీ పెట్రోల్‌కీ ఇంత తేడా అని ఒకే ఒక్క నంబర్ చెప్పడం ఎట్ల కుదురుతది?

ఈ లైన్‌లో చివరి మాట అనదగ్గది మెర్సిడెస్ ఓఎం654. 2016లో ఇ-క్లాస్ (E-Class) కారుతో వచ్చింది, తర్వాత మన దగ్గర సీ క్లాస్‌లో కూడా పెట్టిన్రు. దీని ముందున్న ఓఎం651 బీడు బ్లాక్‌తో 202.8 కిలోలుంటే ఇది 168.4 కిలోలే. 34 కిలోలు పోయినయి. ఇందులో ఒక ఉల్టా పని చేసిన్రు, బ్లాక్ అల్యూమినియం చేసి పిస్టన్లని మాత్రం అల్యూమినియం నుంచి ఉక్కుకి మార్చిన్రు. బరువు తగ్గించాలనుకునేవాడు ఉక్కు పిస్టన్ ఎందుకు పెడతడు అనిపిస్తది. ఉక్కు గట్టిది కాబట్టి పిస్టన్ ఎత్తు తగ్గించినా బలం సరిపోతది, వేడికి అల్యూమినియం కంటే తక్కువ వ్యాకోచిస్తది కాబట్టి ఇంజిన్ వేడెక్కినప్పుడు రాపిడి కూడా తగ్గుతది. ఆ ఇంజిన్ 194 హార్స్‌పవర్ ఇస్తది, లెక్కేస్తే హార్స్‌పవర్‌కి 0.87 కిలో. పైన చెప్పిన ఎకోబూస్ట్ 97 కిలోలకి 125 హార్స్‌పవర్ కింద 0.78. ఒకటి ఖరీదైన బండి రెండు లీటర్ల డీజిల్, ఇంకోటి చిన్న బండి ఒక లీటర్ పెట్రోల్, కాబట్టి పక్కపక్కన పెట్టడం పూర్తిగా న్యాయం కాదు, కానీ హార్స్‌పవర్ లెక్కలో డీజిల్ ఎంత దగ్గరికి వచ్చిందో దీంట్లో కనిపిస్తది.

పెట్రోల్ కూడా ఊరికే కూర్చోలేదు, అది ఎదురు దిక్కు నుంచి వచ్చింది. టర్బో పెట్టి డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్టేసరికి దాని పీక్ ప్రెషర్ కూడా 100, 120 బార్‌కి పోయింది, అందుకని క్రాంకూ రాడ్లూ బ్లాకూ మళ్లీ గట్టిపడాల్సి వచ్చింది, టర్బో, ఇంటర్‌కూలర్ ఎట్లాగూ వచ్చి చేరినయి. మజ్దా దగ్గర అయితే 2011, 2012 ప్రాంతంలో పెట్రోల్, డీజిల్ రెండూ ఒకే కంప్రెషన్ రేషియోకి, 14కి, వచ్చి కలుసుకున్నయి, ఒకటి కిందనుంచి ఎక్కి, ఇంకోటి పైనుంచి దిగి. డీజిల్‌లో రేషియో తగ్గిస్తేనే ప్రెషర్ తగ్గింది, ప్రెషర్ తగ్గితేనే ఆ 25 కిలోల అల్యూమినియం బ్లాక్ సాధ్యమయింది.

కంపెనీల బ్రోచర్లలో ఇంజిన్ బరువులు చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. డ్రై వెయిట్ అంటే ఆయిల్, కూలెంట్ లేకుండా, అంతవరకూ సరే. కానీ డైనమో ఉందా, ఏసీ కంప్రెసర్ ఉందా, క్లచ్చూ ఫ్లైవీలూ కలిపారా, టర్బో కలిపారా అనేది ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా చూస్తది. ఒక కంపెనీ లోపల పాతదానికీ కొత్తదానికీ పోలిక పెడితే నమ్మొచ్చు, రెండు కంపెనీల నంబర్లని పక్కపక్కన పెట్టినప్పుడు పది ఇరవై కిలోల తేడా మీద పందెం కాయకపోవడం మంచిది.

ఇప్పుడు స్విఫ్ట్‌లో దాక్కున్న మిగతా కిలోలు. డీజిల్ టార్క్ ఎక్కువ కాబట్టి క్లచ్ ప్లేటు పెద్దది, గేర్‌బాక్స్ పళ్లు వెడల్పు, డ్రైవ్ షాఫ్టులు లావు. అంత కంప్రెషన్‌ని తిప్పి స్టార్ట్ చేయాలంటే సెల్ఫ్ మోటార్ పెద్దది కావాలి, దానికి తగ్గట్టు బ్యాటరీ, పెట్రోల్ చిన్న కారుకి 35 ఏహెచ్‌తో గడిస్తే డీజిల్‌కి 60 దాకా పోవాలి, బ్యాటరీ మార్చేటప్పుడు చేతికి తెలుస్తది ఆ తేడా. టర్బో, ఇంటర్‌కూలర్, వాటి పైపులు, హై ప్రెషర్ పంపు, కామన్ రైల్ పైపు. ఇంజిన్ మౌంటింగులు వేరే, బానెట్ కింద ఇన్సులేషన్ ఎక్కువ. ఈ బరువంతా ముందు చక్రాల మీదే పడతది కాబట్టి ముందు స్ప్రింగులు కూడా గట్టివి. చూడటానికి ఒకేలా ఉన్నా పెట్రోల్ స్ప్రింగు తెచ్చి డీజిల్ బండికి వేస్తే ముక్కు కిందికి దిగుతది, డీజిల్ స్ప్రింగు పెట్రోల్ బండికి వేస్తే ముక్కు పైకి లేచి ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ ఎగురుతది. పాత స్పేర్ పార్టులు వెతుక్కునేవాళ్లు ఇది చూసుకోవాలి. మన రోడ్ల మ్యాన్‌హోల్ మూతల సంగతి తెలిసిందే, కాలనీ రోడ్డు ఒక్కటి చాలు, డీజిల్ బండ్లకి లోయర్ ఆర్మ్ బుష్‌లు, ముందు షాకులు ముందుగా పోవడానికి ఈ అదనపు బరువూ ఒక కారణం.

పెట్రోల్ బండిలోకి డీజిల్ ఇంజిన్ దించేవాళ్లు కూడా ఉన్నరు, ముఖ్యంగా పాత జీపుల్లో. ఆర్‌సీలో మార్పు ఎక్కించుకోకుండా చేస్తే మోటార్ వెహికల్స్ చట్టం సెక్షన్ 52 కింద తప్పు, అది ఒక సంగతి. ఇంజిన్ పట్టిందా లేదా చూసుకుని స్ప్రింగులు, బ్రేకులు, మౌంటింగులు పాతవే వదిలేయడం ఇంకో సంగతి, పోలీసులు పట్టుకోకపోయినా బండి మాత్రం పట్టిస్తది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే పొగ రూలు వచ్చాక లెక్క మళ్లీ మారింది. ఇంజిన్ తేలికవుతూ వచ్చింది గానీ పొగ దారి బరువెక్కింది. మసిని పట్టే డీపీఎఫ్, నైట్రోజన్ ఆక్సైడ్లకి వేరే క్యాటలిస్ట్, మళ్లీ ఇంజిన్‌లోకి పంపే పొగని చల్లార్చే ఈజీఆర్ కూలర్, సెన్సార్లు, కొన్ని బండ్లలో పొగలోకి యూరియా ద్రవం కొట్టే ఎస్‌సీఆర్ కిట్టు, దానికి ఆ ద్రవం, అంటే యాడ్‌బ్లూ, ట్యాంకు. యాడ్‌బ్లూ నీళ్ల కంటే బరువు, లీటర్‌కి 1.09 కిలో, 20 లీటర్ల ట్యాంకు నిండితే అదొక్కటే దాదాపు 22 కిలోలు. అల్యూమినియం బ్లాక్‌తో మిగిల్చిన బరువులో పెద్ద భాగం ఇట్ల సైలెన్సర్ దారిలో తిరిగొచ్చింది. చిన్న బండ్లలో ఇంత సామాను పెడితే రేటు గిట్టదని మారుతి అదే నెల నుంచి డీజిల్ పూర్తిగా ఆపేసింది, మల్టీజెట్ అక్కడితో కొత్త బండ్లలోంచి పోయింది. బరువు కంటే రేటే చంపింది దాన్ని అనొచ్చు, కానీ రెండూ ఒకే డబ్బాల నుంచి వచ్చినయి.

ఇంత బరువు మోసి కూడా డీజిల్ మైలేజ్ ఎక్కువ ఎందుకిస్తది అనేది మిగిలింది. అదే 2018 స్విఫ్ట్‌కి బండ్లని పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ లెక్కలో లీటర్‌కి పెట్రోల్ 22 కిలోమీటర్లు, డీజిల్ 28.4. చూస్తే 29 శాతం ఎక్కువ. దీంట్లోనూ ఒక బరువు కిటుకు ఉంది, బంకులో మనం లీటర్లలో కొంటం, ఇంజిన్ కాల్చేది కిలోల్లో. లీటర్ పెట్రోల్ సుమారు 740 గ్రాములు, లీటర్ డీజిల్ 830 గ్రాములు. కిలో ఇంధనానికి ఎన్ని కిలోమీటర్లు అని మార్చి చూస్తే పెట్రోల్ 29.7, డీజిల్ 34.2 వస్తది, అంటే తేడా 15 శాతమే. మనం మురిసిపోయే మైలేజ్‌లో సగం డీజిల్ ఇంజిన్ గొప్పతనం కాదు, డీజిల్ చిక్కదనం. మిగతా సగం మాత్రం నికార్సైనదే, ఎక్కువ కంప్రెషన్ వల్ల, గాలి దారిలో థ్రాటిల్ అడ్డం పెట్టకపోవడం వల్ల వచ్చింది, అదీ 100 కిలోలు అదనంగా మోస్తూ. బంకులో లీటర్ల లెక్కన కొనేటప్పుడు ఈ లీటర్ మాయే కొనేవాడికి లాభం, అతనికి కిలోలతో పనిలేదు.

డీజిల్ పోయిన చోట ఏమొచ్చిందో చూస్తే బరువు అక్కడే ఉంది, స్థలం మారింది. ఇన్నోవాలో 2022లో హైక్రాస్ వచ్చినప్పుడు డీజిల్ బదులు పెట్రోల్ హైబ్రిడ్ పెట్టిన్రు, డీజిల్ ఇంజిన్ బరువు పోయి బ్యాటరీ, మోటార్లు, ఇన్వర్టర్ వచ్చినయి. క్యాబ్‌లలో డీజిల్ డిజైర్ పోయి సీఎన్‌జీ డిజైర్ వచ్చింది, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ దగ్గర లైన్‌లో నిలబడే బండ్ల డిక్కీ తెరిస్తే కనిపించే సిలిండర్, దాని కిట్టు కలిపి 80 నుంచి 100 కిలోల దాకా ఉంటది, అంటే డీజిల్ స్విఫ్ట్ మోసిన అదనపు బరువుకి ఇంచుమించు సమానం. కాకపోతే అప్పుడు ముందు చక్రాల మీదున్నది ఇప్పుడు వెనక చక్రాల మీద పడింది. భాగ్యనగర్ గ్యాస్ బంకులో లైన్ కట్టే ఈ బండ్లకి కంపెనీ నుంచే వెనక స్ప్రింగులు గట్టిగా వస్తయి. బయట కిట్టు వేయించుకున్న పాత పెట్రోల్ బండ్లకి మాత్రం ఎవరూ స్ప్రింగు మార్చరు, నలుగురు ఎక్కి నాలుగు సూట్‌కేసులు పెడితే వెనక టైరు మడ్‌గార్డ్‌కి రాస్తది. అట్లాంటి బండి కొనేముందు టైరు పైన వీల్ ఆర్చ్ లోపల ప్లాస్టిక్ మీద గీతలున్నయేమో చెయ్యిపెట్టి చూసుకోవాలి.